అమ్మ పేరు మీద రెండెకరాలు

చెల్లె: బాపు పేరు మీదున్న ఐదెకరాల్లో రెండెకరాలు ఇప్పుడే అమ్మ పేరు మీదికి మార్చాలి అన్నా. బాపు ఉండగానే, ఆయన చేతుల మీదుగానే మార్చాలి. ఇది నా వాటా కోసం వేస్తున్న ఎత్తు కాదని ముందే చెప్తున్నా. పద్దెనిమిదేళ్లకు ఈ ఇంటికొచ్చి, నలభై ఏళ్లుగా ఆ పొలంలో మునుం పట్టింది ఆమె. కొట్టం నడిపింది ఆమె. పాసుబుక్కులో మాత్రం ఆమె ఎక్కడా లేదు.

అన్న: నీ మనసును నేను అనుమానించను చెల్లె. కానీ అమ్మ ఎన్నడూ అడగని దాన్ని ఆమె తరఫున మనం అడుగుతున్నాం. ఆమె ఈ ఇంటి కోసం బతికింది, ఇష్టపడి బతికింది. నువ్వేమో ఆ బతుకును ఎవరో ఎగ్గొట్టిన బాకీలాగ చూస్తున్నావు. ఆమె ఈ ఇంటికి అప్పియ్యలేదు. తిరిగి కట్టేస్తే తీరిపోయే వ్యవహారం కాదు అది.

చెల్లె: ఇష్టపడలేదని నేనూ అనను. కానీ ఆ ఇష్టం ముందు ఆమెకు ఇంకో దారి ఎప్పుడైనా కనబడిందా? తెల్లారక ముందే లేచి పెండ తీసి, కుడితి పెట్టి, పాలు పిండి కేంద్రంలో పోసి, వంట చేసి, నాటుకో కలుపుకో పోయి, పొద్దుగూకేసరికి గడ్డిమోపుతో వచ్చి మళ్లీ బర్రె కింద కూర్చోవడం. ఇందులో ఏ పనికి సెలవుంది? 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంట్లోవాళ్ల కోసం చేసే జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు పెడుతున్నది 97 నిమిషాలు. 2021లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసు తేల్చినప్పుడు జస్టిస్ ఎన్.వి. రమణ ఈ లెక్కనే ఎత్తి చూపించారు. పల్లెల్లో ఆడవాళ్లు ఇంటిపనితో పాటు విత్తడం, నాటడం, కోయడం, పశువులను చూసుకోవడం కూడా చేస్తారని అదే తీర్పులో రాశారు. అది అమ్మ గురించి రాసినట్టే ఉంది. కాకపోతే ఇల్లాలి పనికి విలువ కట్టే సందర్భం కోర్టుకు ఆమె చనిపోయాక గానీ రాలేదు. అమ్మ ఉండగానే ఆ విలువ మన ఇంట్లో కట్టాలంటున్నాను.

అన్న: కడదాం. కానీ ఎవరి దగ్గర వసూలు చేస్తావు? బాపు కూడా ఏ రోజూ జీతం తీసుకోలేదు. కరెంటు రాత్రిపూట ఇస్తే రాత్రంతా మోటరు దగ్గరున్నది ఆయన. మందు కొట్టి కళ్లు మండి పడుకున్నది ఆయన. నువ్వు సర్వే లెక్క చెప్పావు, నేనూ ఒక లెక్క చెప్తా. మద్దతు ధర సిఫారసు చేసే కమిషన్, రైతు చేతి నుంచి పెట్టిన ఖర్చుతో పాటు ఇంటిల్లిపాది చేసిన కష్టానికి కూడా కూలి కట్టి చూస్తుంది. 2018-19 నుంచి ఆ ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ధర ఇస్తున్నామని కేంద్రం అంటున్నది. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ అందులో కలపరు. కాగితం మీద అమ్మ కూలి ఉంది. మార్కెట్ యార్డులో పత్తికి తేమ ఉందని ధర కోసినప్పుడు ముందు కోతపడేది ఆ కూలే. అమ్మ కష్టాన్ని తిన్నది బాపు కాదు, ఆ ధర. పేరు మార్చినంత మాత్రాన పత్తికి ధర పెరుగుతుందా?

చెల్లె: పెరగదు. ధర విషయంలో నువ్వు చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటా. కానీ వచ్చిన ఆ కాస్తా ఎక్కడ పడుతుందో చూడు. ఐకేపీ సెంటర్లో వడ్లు ఆరబోసింది అమ్మ. తేమ 17 శాతానికి దిగేదాకా రోజంతా కాళ్లతో వడ్లు తిరగేసింది. మబ్బు పట్టినప్పుడల్లా కుప్ప చేసి కవరు కప్పి, ఎండ రాగానే మళ్లీ పరిచింది. ఆ సెంటర్ నడిపేదీ మహిళా సంఘమే. ఇంతమంది ఆడవాళ్ల నడుమ కాంటా అయిన తర్వాత అడిగే పాసుబుక్కు బాపుది, ఖాతా బాపుది. రైతుబంధు మొదలైన 2018 నుంచి పెట్టుబడి సాయం వచ్చినా అంతే. కేంద్రం ఇచ్చే ఏడాదికి 6,000 అయినా అంతే. దేశం లెక్కలో అమ్మ కష్టం ఉందన్నావు కదా. ఉంది. చెల్లింపు దగ్గర మాత్రం ఆమె లేదు.

అన్న: డబ్బు ఎవరి ఖాతాలో పడ్డా, ఎవరు చెప్పినట్టు ఖర్చయింది? అది కూడా చూడాలి. ఏ విత్తనం వేయాలో, పడ్డను ఉంచుకోవాలో అమ్మాలో, నిన్ను హాస్టల్లో వేయాలో వద్దో, అన్నీ అమ్మ తేల్చినవే. బర్రెను బేరం పెట్టే ముందు బాపు ఆమె ముఖం చూసేవాడు. ఇక పాల సంగతికొస్తే, ముల్కనూరు మహిళా డెయిరీ 2002లో మొదలైనప్పుడు సభ్యత్వం అమ్మ పేరు మీదే తీసుకున్నారు. బిల్లు ఆమెకే వస్తుంది. ఆ పాల పైసలతోనే నీ డిగ్రీ అయింది. ఇంట్లో ఇంత అధికారం ఉన్న మనిషిని నువ్వు ఏమీ లేనిదాన్ని చేస్తున్నావు. నాకు బాధ కలిగించేది అదే.

చెల్లె: నా చదువు ఆమె పాల పైసలదే. ఆ సంగతి నేను ఒక్క పూటా మర్చిపోను. ఇంట్లో ఆమె మాట చెల్లిందన్నదీ నిజమే. కానీ డెయిరీని నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతున్నా, అమ్మ అక్కడ ఎట్లా మారిందో గుర్తుందా? మొదట్లో కేంద్రంలో క్యాను పెట్టి మాట్లాడకుండా వచ్చేది. సభ్యురాలయ్యాక వెన్న శాతం తక్కువ పడితే మళ్లీ చూడమని నిలబడి అడిగింది. మీటింగులో లేచి దాణా ధర గురించి మాట్లాడింది. డెయిరీ వాళ్ల స్వకృషి పాల ప్యాకెట్టు మీద బొమ్మ చూసి ఇది మాదీ అన్నది. పాలకు పేరు దొరికింది కాబట్టి పాల దగ్గర ఆమెకు నోరొచ్చింది. భూమి దగ్గర అది రాలేదు. బ్యాంకు మేనేజర్ పంట రుణం గురించి మాట్లాడేటప్పుడు ఆమె బయట బల్ల మీద కూర్చుంటుంది. ఇంట్లో ఆమెకున్న అధికారం బాపు మంచితనం మీద నిలబడింది. బాపు మంచివాడు, అది మన అదృష్టం. పక్కింట్లో అదే కష్టం చేసిన చిన్నమ్మకు ఆ అదృష్టం లేదు. మొగుడు తాగి ఎకరం అమ్మేస్తుంటే ఆపడానికి ఆమె చేతిలో ఏముంది?

అన్న: ఏమీ లేదు. అక్కడ నువ్వు చెప్పేది న్యాయం. కానీ కాగితం ఒక్కటే చాలదని కూడా మనం చూస్తూనే ఉన్నాం. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకే. కుర్చీలో ఆమె ఉంటే మాట్లాడేది ఆయన. పట్టా ఆమె పేరు మీదికొస్తే అప్పు కూడా ఆమె పేరు మీదికే వస్తుంది. బ్యాంకు నోటీసు, ఫర్టిలైజర్ షాపు ఖాతా, అన్నీ. ఇన్నేళ్లూ బాపు అప్పులోళ్ల ముందు తలొంచి నిలబడ్డాడు. ఆ నిలబడటం అమ్మకు రాకుండా చూసుకున్నాడు. దాన్ని నువ్వు హక్కు దాచిపెట్టడం అంటున్నావు. ఆయన దాన్ని కాపాడటం అనుకున్నాడు.

చెల్లె: సర్పంచుల మాట మొదటిసారికి నిజం. రెండోసారికి ఆమే మాట్లాడుతుంది. అలాంటి వాళ్లను మన మండలంలోనే చూశాం. అప్పు సంగతి మాత్రం తిరగేసి చూడు అన్నా. ఈ జిల్లాలో పత్తి రైతులు పురుగుల మందు తాగి పోయినప్పుడు అప్పులోళ్లు ఎవరి గడపకొచ్చారు? భార్య గడపకే. భూమికి ఆమె హక్కుదారు కావడానికి విరాసత్ కోసం తిరగాలి. అప్పుకు మాత్రం తెల్లారేసరికే వారసురాలు అవుతుంది. ఇంకొకటి విను. 2018 ఆగస్టు 15న రైతుబీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో పోయినా ఇంటికి 5 లక్షలు. మంచి పథకం. కానీ రేపు అమ్మకు పొలంలో పాము కరిస్తే? ఆమెకు యాభై ఎనిమిది నడుస్తున్నది. ఆమె పేరు మీద గుంట కూడా లేదు. ఆ కాగితాల ప్రకారం ఆ చావు రైతు చావు కాదు.

అన్న: ఆ బీమా మాట దగ్గర నా దగ్గర జవాబు లేదు. అది ఒప్పుకుంటున్నా. కానీ అమ్మ బతుకంతా ఈ కాగితాల కొలతల్లోకి ఒదుగుతుందని మాత్రం ఒప్పుకోను. నల్ల బర్రె మొదటి ఈత ఈనిన రాత్రి నేను ఆమె పక్కనే ఉన్నా. దూడ కాళ్లు బయటికొచ్చి ఆగిపోయాయి. బర్రె నొప్పి తీసినప్పుడల్లా అమ్మ దానితో పాటే లాగింది, అది ఆగితే తనూ ఆగింది. ఎక్కడా తొందరపడలేదు. దూడ పడగానే ముక్కులో జిగురు తీసి, వరిగడ్డితో ఒళ్లు తుడిచి, తల్లి ముందు పెట్టింది. మావి పడేదాకా పడుకోలేదు, బర్రె ఎక్కడ తినేస్తుందోనని. దూడకు ముర్రుపాలు తాగించాకే తను మంచినీళ్లు తాగింది. ఆ రాత్రి ఆమె ముఖంలో నేను చూసింది చాకిరీ కాదు. తన పని తనకు బాగా వచ్చిన మనిషి ముఖం అది. ఆ బర్రె ఇంకెవరు కూర్చున్నా చేపదు, తెలుసు కదా. నేను కూర్చుంటే తంతుంది. ఆమె చెయ్యి తగిలితే దించుతుంది. ఒక ప్రాణికి తన అవసరం అంతగా ఉండటం ఎంతమందికి దొరుకుతుంది?

చెల్లె: ఆ ముఖం నేనూ చూశాను. ఆ పనితనం ముందు నా ఉద్యోగం ఏపాటిది? కానీ ఆ బర్రె ఇంకెవరికీ చేపదన్నావు చూడు, ఆ మాటకు ఇంకో కొస ఉంది. అమ్మమ్మ పోయినప్పుడు అమ్మ తల్లిగారింట్లో పది దినాలు ఉండలేకపోయింది. మూడో దినం కాగానే బస్సెక్కింది, పొదుగు వాచిపోతుందని. మళ్లీ పదో దినానికి పొద్దున పోయి రాత్రికొచ్చింది. కన్నతల్లి కోసం కడుపారా ఏడవడానికి కూడా ఆమెకు రెండు పూటల పాల నడుమ ఉన్న సమయమే దొరికింది. నువ్వు ఆమె గొప్పతనం అని చెప్పిన విషయమే ఆమెను కట్టేసిన తలుగు కూడా. రెండూ ఒకటే అయినప్పుడు, మనం ఇన్నాళ్లూ గొప్పతనాన్ని మాత్రమే ఎందుకు చెప్పుకున్నాం? అలా చెప్పుకుంటే మనకు హాయిగా ఉంటుంది కాబట్టి.

అన్న: ఆ మూడో దినం నాకూ గుర్తుంది. బాపు అప్పుడు, నువ్వు ఉండు, నేను చూసుకుంటా అన్నాడు. కానీ పిండటం ఆయనకు రాదు, నాకూ రాదు. నేర్చుకోవాల్సిన అవసరం మాకు రాలేదు, ఎందుకంటే ఆమె ఉంది. ఆ మాట అనడానికి నాకు కష్టంగానే ఉంది. అయితే చెల్లె, నువ్వు చెప్పిన ఈ బాధకు మందు ఏది? రెండెకరాల పట్టానా? పట్టా ఇచ్చినా పొద్దున్నే బర్రె కింద కూర్చునేది అమ్మే. ఆ రోజు ఆమెకు కావలసింది పాసుబుక్కు కాదు, పాలు పిండే ఇంకో రెండు చేతులు. నీ వాదం భూమి చుట్టూ తిరుగుతున్నది. ఆమె అలసట పని దగ్గర ఉంది.

చెల్లె: ఇది నువ్వు చెప్పిన వాటిలో అన్నిటికన్నా గట్టి మాట. పని పంచుకోకుండా పట్టా ఒక్కటే ఇస్తే, బరువు మీద ఇంకో బరువు పెట్టినట్టే. ఒప్పుకుంటా. కానీ పని పంచుకోమని అడిగే బలం ఎక్కడినుంచి వస్తుంది? భూమి ఉన్నవాడు చేయను అంటే ఎవరూ ఏమనరు. లేనిదానికి ఒంట్లో బాగాలేకపోయినా లేవక తప్పదు. చట్టాల వరస చూడు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కును మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే ఇచ్చింది. దేశమంతా 2005లో ఇచ్చారు. కూతురిగా నా దాకా చట్టం వచ్చింది. భార్య దాకా రాలేదు. భర్త ఉన్నంతకాలం తను దున్నే భూమిలో ఆమెకు వాటా లేదు. ఆయన పోతేనే వారసురాలు. భర్త చావుతో తప్ప మొదలవని హక్కును ఏ భార్య కోరుకుంటుంది చెప్పు? అందుకే అమ్మ అడగలేదు.

అన్న: ఆ చట్టాన్ని మార్చమని అడుగు, నీ వెంట నేనూ వస్తా. స్వామినాథన్ గారు ఎంపీగా 2012లో రాజ్యసభలో మహిళా రైతుల హక్కుల కోసం బిల్లు పెట్టారు. భూమి పేరు మీద ఉన్నా లేకున్నా సాగు చేసే ఆడమనిషిని రైతుగా గుర్తించమన్నారు. అది చర్చకు రాకుండానే మురిగిపోయింది. ఐక్యరాజ్యసమితి 2026ను మహిళా రైతుల సంవత్సరంగా ప్రకటించింది. ఇవన్నీ సర్కారు చేయాల్సిన పనులు. మన ఇంట్లో మాత్రం ఇద్దరు ముసలివాళ్లున్నారు. రేపు నేను పోయి, బాపూ, రెండెకరాలు అమ్మకు గిఫ్ట్ రాయి అంటే ఆయనకు ఎలా వినబడుతుంది? ఇన్నేళ్లూ నువ్వు ఆమెకు అన్యాయం చేశావు అన్నట్టే వినబడుతుంది. ఆ నొప్పి ఆయన బయటికి చెప్పడు. లోపల పెట్టుకుంటాడు. దాన్ని మోసేది ఎవరు? మళ్లీ అమ్మే. ఆమె కట్టుకున్న ఇంటి శాంతిని ఆమె పేరు చెప్పి మనం చెడగొట్టడం నాకు ఇష్టం లేదు.

చెల్లె: ఆ భయం నాకూ ఉంది. పోయినసారి వచ్చినప్పుడు ఈ మాట ఎత్తాలనుకుని ఎత్తలేకపోయింది అందుకే. కానీ ఆ శాంతి ఇన్నాళ్లూ ఒక్కరి మౌనం మీద నిలబడింది అన్నా. ఇంకొకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. బాపు తర్వాత భూమి నీకొస్తుంది. నా వంతు నేను అడగనని ముందే చెప్పాను. మరి వదిన పేరు మీద ఏముంది? పెళ్లయిన మర్నాటి నుంచి కొట్టంలోకి పోతున్నది. అమ్మ నడుము నొప్పి అన్న రోజు మిగతా బర్రెల పాలు పిండుతున్నది ఆమే. నాటులో ఆమే, పత్తి ఏరడంలో ఆమే. ఇంకో ముప్పై ఏళ్ల తర్వాత నీ పిల్లలు ఇక్కడే కూర్చుని ఆమె గురించి ఇదే మాట్లాడుకోవాలా?

అన్న: లేదు. వదిన గురించి అడిగితే నేను వెనక్కి తగ్గుతా. ఆమె పేరు మీద సంఘంలో పొదుపు తప్ప ఏమీ లేదు. నాకు వచ్చే దాంట్లో సగం ఆమె పేరు మీద ఉండాలి, అది నేను చేస్తా. పాలు పిండటం కూడా నేర్చుకుంటా. కానీ అది నా తరం లెక్క. నా భార్యతో నేను కొత్తగా ఒప్పందం రాసుకోగలను, ఇంకా బతకాల్సింది చాలా ఉంది కాబట్టి. అమ్మ తన బతుకును ఒక నమ్మకం మీద కట్టుకుంది. నాది, ఆయనది అని లేదు, అంతా మా ఇల్లు అన్న నమ్మకం. ఇప్పుడు నువ్వు పోయి, ఇందులో ఇది నీది అని గీత గీస్తే, మిగతాది తనది కాదని చెప్పినట్టు కాదా?

చెల్లె: ఆమె బతుకు అయిపోయినట్టు మాట్లాడకు. యాభై ఎనిమిదేళ్ల రైతు ఆమె. వచ్చే వానకాలం ఏం వేయాలో ఇప్పటికీ చెప్పేది ఆమే. గీత సంగతి అంటావా, అది ఎప్పుడో గీసి ఉంది. ఐదెకరాల చుట్టూ గీసి, లోపల ఒక్కరి పేరే రాశారు. మా ఇల్లు అన్నది ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని కాగితం మీద కూడా నిజం చేయమంటున్నా, అంతే. ఇచ్చాక ఆ రెండెకరాలు ఆమె నీకే రాసిస్తానంటే నేను ఒక్క మాట అనను. అప్పుడు ఆమె ఇచ్చింది నిజంగా ఆమె ఇచ్చిందే అవుతుంది. చేతిలో ఉన్నదాన్ని ఇవ్వడమే త్యాగం. చేతికి రానిదాన్ని ఇచ్చిందని మనం పొగడటం మనకు మనం చెప్పుకునే సర్దుబాటు.

అన్న: అంటే అమ్మ ఇన్నేళ్ల ప్రేమ, కాగితం లేదు కాబట్టి ఇంకా మొదలే కాలేదంటావా? హక్కు వచ్చేదాకా ఆగి ప్రేమించేవాళ్లు ఎవరుంటారు? ఆమె చేతిలో భూమి లేకపోవచ్చు. ఆమె కాలం, ఆమె ఒళ్లు, ఆమె నిద్ర ఆమెవే కదా. వాటిని ఇచ్చింది. అది త్యాగం కాదనే హక్కు నీకూ లేదు, నాకూ లేదు.

చెల్లె: ఆ మాట వెనక్కి తీసుకుంటా. ఆమె ఇచ్చింది. చాలా ఇచ్చింది. తీసుకున్న మనం ఏం చేయాలన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న.

అన్న: అయితే ఆమెనే అడుగుదాం. బాపు ముందు, నువ్వూ నేనూ ఉండగా. కావాలంటే తహసీల్దార్ ఆఫీసుకు స్లాట్ నేనే బుక్ చేస్తా. వద్దంటే ఇక ఈ మాట ఎత్తకూడదు.

చెల్లె: నీకు కావాలా అని అడిగితే జవాబు నాకిప్పుడే తెలుసు. తనకోసం నాకిది కావాలి అని ఆమె ఈ ఇంట్లో ఎన్నడూ అనలేదు. చీర కొనేటప్పుడు కూడా అనలేదు. అట్లా అడగకు. ఏ రెండెకరాలు రాయమంటావు అని అడుగు. బావి కింది తరి పొలమా, రోడ్డు పక్క చెలకా? అది రైతును అడిగే ప్రశ్న. దానికి ఆమె దగ్గర జవాబు ఉంటుంది. ఏ మడిలో నీళ్లు నిలుస్తాయో, ఏ మూల చౌడు తేలుతుందో మనందరికన్నా ఆమెకే తెలుసు.

అన్న: అట్లా అడిగితే జవాబు మనమే ముందే తేల్చేసినట్టు కదా.

చెల్లె: వద్దు అనే హక్కు ఆమెకు అప్పుడూ ఉంటుంది.

అన్న: ఉంటుంది. కానీ మన ముఖాలు చూసి ఆ వద్దు అనగలదా అన్నదే నా అనుమానం. నా పద్ధతిలో అడిగితే, ఇంటి కోసం కావాలి అనలేకపోతుంది. నీ పద్ధతిలో అడిగితే, నీ కోసం వద్దు అనలేకపోతుంది. రెండింటిలో ఏది ఆమె సొంత మాట అవుతుందో నువ్వు చెప్పు, అట్లాగే అడుగుదాం.